రాహేలమ్మ రేడియో ముల్లు

ఏజెంట్ జనార్దన్ ఉదయగిరి బస్టాండు పక్కనున్న రేడియో రిపేరు షాపులోకి దూసుకొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. నుదుటి మీద రక్తం. చేతిలో రివాల్వర్.

"మీ దగ్గర లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్ ఉంది."

మెకానిక్ వరదయ్య రెండు చేతులూ జోడించాడు. "ఊరికే సరదాకి చేసినాను సార్. ఇంతవరకూ ఆన్ కూడా చేయలేదు. తీసుకుపొండి."

"తీసుకుపోవడానికి రాలేదు. ఇప్పుడే పనిచేయించాలి."

జనార్దన్ గబగబా సంగతి చెప్పాడు. మారువేషంలో ఉన్న రాకెట్ సైంటిస్టు పన్నెండు గంటల నెల్లూరు బస్సెక్కాడు. గరిటెల పార్సిల్‌లో దాచిన టైంబాంబు కూడా అదే బస్సెక్కింది. బస్సు ఆత్మకూరు డిపోకి ఒంటిగంటా ఐదుకి చేరుతుంది. బాంబు ఒంటిగంటా పదిహేనుకి పేలుతుంది. పెట్టింది ఏజెంట్ సుకుమారి. ఆరు నెలలుగా జనార్దన్ పార్ట్‌నర్, అందగత్తె, తీరా చూస్తే విదేశీ ముఠా మనిషి. అతని తల పగలగొట్టి, చచ్చాడనుకుని, వైర్‌లెస్ సెట్ నుజ్జు చేసి, జీపు టైర్లు కోసి, టెలిఫోన్ కేబుల్ తెంపి మరీ పోయింది. పనిమంతురాలే, కాదనలేం.

"డిపో దగ్గర వ్యానులో మా చీఫ్ ఒకే ఫ్రీక్వెన్సీ వింటున్నాడు. ఏడు వేల మూడు వందల ఇరవై కిలోహెర్ట్జ్."

వరదయ్య ముఖం పాలిపోయింది. "ఆ బస్సులో మా ఆడమనిషి ఉండాది సార్. రాహేలమ్మ. కంటాసుపత్రికి పోతా ఉండాది."

బల్ల కింది నుంచి సెట్టు లాగి స్విచ్చేశాడు. కాయిల్ పక్కన కట్టిన టార్చి బల్బు వెలిగింది. పవర్ ఉంది.

"దీని ఫ్రీక్వెన్సీ ఎంత?"

"ఏమో సార్! ఉండేది మల్టీమీటరు ఒకటే. అది ఓల్టులు చూపిస్తాది. ఫ్రీక్వెన్సీ దానికేం తెలుసు?"

పన్నెండు నలభై. తల పట్టుకుని కూలబడిన వరదయ్య ఉన్నట్టుండి లేచాడు. "ఏడు వేల మూడు వందల ఇరవై అన్నారా?"

వంటింటి అలమరలో రాహేలమ్మ రేడియో ఉంది. రోజూ పొద్దున క్రైస్తవ పాటలు వచ్చే స్టేషన్‌లో మొదట ఆ అంకే చెబుతారు, రాహేలమ్మ కూడా వాళ్లతోపాటే అంటుంది. రేడియో ముల్లు ఎప్పుడూ ఆ అంకె మీదే ఉంటుంది. పగలంతా ఆ స్టేషన్ ఉండదు. ఆ ఖాళీనే చీఫ్ వాడుకుంటున్నాడు.

జనార్దన్ చెయ్యి చాపాడు. వరదయ్య ఆ చేతి మీద ఒక్కటేశాడు.

"ముల్లు ముట్టుకోబాకండి! నేను జరిపితేనే నాకు అన్నం పెట్టదు. సెట్టునే ఆ ముల్లు దగ్గరికి తెస్తాను. రెండూ కలిస్తే రేడియోలో బుస్సుమనేది ఆగిపోతాది, అప్పుడు కేకెయ్యండి."

షాపులో వరదయ్య సెట్టు ఫ్రీక్వెన్సీ మార్చే కండెన్సర్ తిప్పాడు. వంటింట్లో జనార్దన్ రేడియో ఆన్ చేసి చెవి ఒగ్గాడు.

"ఆగింది!"

వరదయ్య చెయ్యి తీశాడు.

"మళ్లీ వచ్చింది!"

చెయ్యి దగ్గరుంటే ఒక ఫ్రీక్వెన్సీ, తీస్తే ఇంకొకటి. స్క్రూడ్రైవరుతో తిప్పినా అంతే. పన్నెండు యాభై ఎనిమిది. వరదయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "పద్దెనిమిదేళ్ల కాపురం సార్." ఒంటిమీద ఇనుము లేనిది, పొడుగ్గా ఉండేది ఏదైనా కావాలి.

వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చాడు. కాడ కొస కత్తితో చెక్కి కండెన్సర్‌లో దూర్చాడు. బారెడు దూరం నుంచి మెల్లగా తిప్పాడు. బుస్సుమనడం ఆగింది. గరిటె తీశాడు. అయినా నిశ్శబ్దమే.

జనార్దన్ మైకు అందుకున్నాడు. "గరుడా, గరుడా! నెమలిని. ఉదయగిరి వరదయ్య షాపు నుంచి. సుకుమారి డబుల్ ఏజెంట్. నెల్లూరు బస్సులో గరిటెల పార్సిల్, బాంబు. అందర్నీ దించండి!"

మూడుసార్లు చెప్పి సెట్టు ఆపాడు. రేడియో మళ్లీ బుస్సుమంది. అవతల విన్నారో లేదో కొలిచే సాధనం వాళ్ల దగ్గర లేదు. ఒంటిగంటా పది. పదిహేను. వరదయ్య మోకాళ్ల మీద ప్రార్థిస్తున్నాడు.

పద్దెనిమిదికి రేడియో నిశ్శబ్దమైంది.

"నెమలీ, గరుడ. పార్సిల్ బీడు పొలంలో పేలింది. చివరి నిమిషంలో విసిరేశాం. అందరూ క్షేమం. సుకుమారి మా వ్యానులోనే దొరికింది. ఇక్కడొకావిడ మైకు లాక్కుంటోంది..."

"ఏమయ్యా! నీ సెట్టు పనిచేసిందంట గదా? అంటే నా రేడియో ముట్టుకున్నావు! ముల్లు జరిపినావా?"

వరదయ్య వెక్కి వెక్కి ఏడుస్తూ పరిగెత్తి, సెట్టు ఆన్ చేసి మైకు అందుకున్నాడు. "లేదు రాహేలూ! దేవునితోడు, ముట్టుకోలేదు!"

తరువాత మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, జనార్దన్ వైపు తిరిగి గుసగుసగా అన్నాడు.

"గరిటె సంగతి మాత్రం చెప్పబాకండి సార్."