ఫోటోలో బాగానే ఉంది

ఎడమవైపు లైటు వెలిగింది. కుడివైపుదీ వెలిగింది. సోమలింగం హాల్లో సోఫా జరిపి, గోడకి బూడిదరంగు గుడ్డ కట్టి, దాని ముందు స్టూలు మీద భార్య కనకరత్నాన్ని కూర్చోబెట్టాడు. గుండె ఆస్పత్రి నుంచి కెమెరా యంత్రం తెచ్చిన డాక్టర్ షమీమ్, లైటు స్టాండ్ల కాళ్ళ చుట్టూ నేలమీద ఎర్ర టేపు అంటించింది.

"ఈ గుర్తులు దాటి లైట్లు జరపకండి అంకుల్. రోజూ పొద్దున్నే ఆంటీని కూర్చోబెట్టి బటన్ నొక్కండి చాలు."

"తెనాల్లో నా స్టూడియోలో ఫోటో దిగని పెళ్ళికూతురు లేదు డాక్టరమ్మా. నాకు బటన్ నొక్కడం నేర్పుతున్నావా?" అన్నాడు సోమలింగం. నవ్వుతూనే అన్నాడు గాని, మనసులో కాస్త గుచ్చుకుంది.

ఈ యంత్రం సంగతి కొంచెం చెప్పుకోవాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ముఖంలోకి నెత్తురు వచ్చిపోతుంది, చర్మం రంగు రవ్వంత మారుతుంది. మన కంటికి ఆనదు గాని డిజిటల్ కెమెరాకి ఆనుతుంది. ఆ రంగునీ, కళ్ళకింద వాపునీ, బుగ్గల మీద నీడనీ బట్టి గుండె ఎంత నీరసించిందో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఆస్పత్రిలో పడక దొరకడం గగనమైపోయి, సిఫార్సులూ పైరవీలూ పెరిగిపోయాక, ఎవరికి ముందు ఆపరేషన్ చెయ్యాలో తేల్చే పనంతా ఆ కంప్యూటర్‌కే అప్పగించారు. ఎక్కువ నీరసంగా ఉన్న గుండెది ముందు వంతు. కనకరత్నం బతకాలంటే ఆమె జబ్బు ఫోటోలో కనబడి తీరాలి.

మొదటి ఫోటో స్క్రీన్ మీదికి రాగానే ఆమె ముఖం తిప్పేసుకుంది. "ఏంటండీ ఈ అవతారం? పీనుగులా ఉన్నాను."

సోమలింగానికి ప్రాణం చివుక్కుమంది. ఊళ్ళో ఆడపిల్లలందర్నీ చక్కగా చూపించి, కట్టుకున్నదాన్ని ఇలా చూపించాలా? మర్నాడు కుడివైపు లైటుని జానెడు ముందుకి జరిపాడు. బుగ్గల గుంటలు పూడాయి. కొన్నాళ్ళకి ఆమె ఒళ్ళో తెల్ల థర్మాకోల్ షీటు పెట్టించాడు. కళ్ళకింద చీకటి పోయింది. ఆ తర్వాత ఎడమ లైటుకి లేత నారింజరంగు కాగితం చుట్టాడు. మోసం చేస్తున్నానని ఒక్కనాడూ అనుకోలేదు పాపం. ఫోటో తీసేవాడి చెయ్యి ఊరుకోదు, అంతే.

'ఆరోగ్యం మెరుగుపడుతోంది' అని స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు వచ్చాయి. ఆ పూట కనకరత్నం రెండు ముద్దలు ఎక్కువే తింది. "చూశారా, ఆపరేషన్ లేకుండానే లేచి తిరిగేస్తాను," అంది. వంటింటి దాకా నడిస్తే ఆయాసం వస్తోందంటే, ఎండలు కదా అనుకున్నారు ఇద్దరూ. వరసలో ఆమె పేరు కిందికి, ఇంకా కిందికి జారుతూ పోయింది.

ఒక పొద్దున స్టూలు మీద నిలవలేక ఆమె పక్కకి ఒరిగిపోయింది. పట్టుకోబోయిన సోమలింగం ఆమె పెదవులు చూశాడు. నల్లగా ఉన్నాయి. పడకగదిలో పడుకోబెట్టి, గోడ గుడ్డా లైట్లూ అక్కడికే మోసుకెళ్ళాడు. నారింజ కాగితం పీకేశాడు. ఎర్ర టేపు దూరాలన్నీ సరిగ్గా కొలిచి, ఉన్నదున్నట్టు ఫోటో తీసి పంపాడు.

కంప్యూటర్ జవాబు వెంటనే వచ్చింది. 'ముఖం ఒక్కరోజులో ఇంతగా మారదు. జబ్బు నటించినట్టు అనుమానం. వరస నుంచి పేరు తీసివేయడమైనది.'

మధ్యాహ్నానికల్లా షమీమ్ పరుగెత్తుకొచ్చింది. కనకరత్నం నాడి చూసి, హాల్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది. కెమెరా పట్టుకుని వెనకే వచ్చిన సోమలింగం సోఫాలో కూలబడి, లైట్లు జరిపిన సంగతంతా చెప్పేశాడు.

"పడక కోసం లేని జబ్బు నటించేవాళ్ళుంటారని కాపలా పెట్టాం అంకుల్. ఉన్న జబ్బుని లైట్లతో దాచేవాళ్ళుంటారని మాకు తట్టనే లేదు."

"నువ్వు చూశావుగా తల్లీ. నీ కళ్ళకి కనబడుతోందిగా. నువ్వు చెబితే చాలదా?"

"చాలదు. మనిషి కళ్ళు సిఫార్సుకి లొంగుతాయనేగా ఈ యంత్రం తెచ్చింది. మళ్ళీ మొదట్నుంచీ ఫోటోలు పంపాలి. నెల పడుతుంది."

"నెల ఉంటుందా?"

షమీమ్ నేలమీది ఎర్ర టేపు గుర్తుల వైపు చూసింది. ఉండబట్టలేక అడిగేసింది. "యంత్రం మోసపోయిందంటే అర్థముంది. రోజూ ఎదురుగా ఉన్న మీకు తెలియలేదా?"

"ఎదురుగా ఉన్న మనిషిని ఎప్పుడు చూశానమ్మా?" అన్నాడు సోమలింగం. "నేనూ ఫోటోనే చూసుకుంటూ వచ్చాను."

లోపల్నించి కనకరత్నం సన్నగా పిలిచింది. "ఏమండీ, ఇవాళ ఫోటోలో ఎలా ఉన్నాను?"

"బాగానే ఉన్నావు రత్నం."

"ఏదీ, ఒకసారి చూపించండి."

సోమలింగం కెమెరా చేతిలోకి తీసుకుని లేచాడు గాని, అడుగు ముందుకి పడలేదు.