వానబొమ్మల ఇల్లు

అనకాపల్లి నుంచి కశింకోట దాటి చెరకు తోటల్లోకి తిరిగే రోడ్డు మీద ఒక ఊరుంది. కాగితాల్లో దాని పేరు వేరే గానీ, షేర్ ఆటోవాళ్ళు మాత్రం స్విస్సు అనడానికి నోరు తిరగక సుస్సుపేట అనే అరుస్తారు. తెల్లదొరల కాలంలో స్విట్జర్లాండు నుంచి ఒక పాదిరి వచ్చి అక్కడ చర్చి కట్టాడు. చర్చితో ఊరుకున్నాడా అంటే లేదు. సొంత ఊరి మీద బెంగ కాబోలు, రోడ్డు పొడవునా తన దేశపు వింతలన్నీ పెట్టుకుంటూ పోయాడు. బస్సు షెల్టరుకు మంచు నిలవకుండా జారిపోయేంత వాలుగా పైకప్పు వేయించాడు. మన దగ్గర మంచెక్కడిది, ఆ కప్పు మీద నుంచి జారేవి కోతులే. దాని పక్కన రాతి ఎలుగుబంటి. పాదిరి చూస్తే ఏమనేవాడో గానీ, మంగళవారం మంగళవారం దానికి ఎవరో బొట్టు పెట్టి పోతుంటారు. కాస్త అవతల ఒక స్తంభానికి ఆవు మెడలో కట్టే గంట, బిందంత పెద్దది, వేలాడుతుంటుంది. ఆటోవాళ్ళు పొద్దున్నే దాన్ని ఒకసారి మోగించి గానీ బండి తీయరు.

వీటన్నిటిలోకీ పేరు పడింది వానబొమ్మల ఇల్లు. చర్చి గేటు పక్కన, రోడ్డు వైపు ముఖం పెట్టి, రెండు బీరువాలు కలిపినంత చెక్క ఇల్లు. దానికి రెండు గుమ్మాలు. ఒక గుమ్మంలో గొడుగు పట్టుకున్న మగబొమ్మ, రెండో దాంట్లో పూలబుట్ట పట్టుకున్న ఆడబొమ్మ. పదేళ్ళ పిల్లల ఎత్తుంటాయి. రెండింటినీ ఒకే చెక్క దూలానికి చెరో కొసన బిగించారు. ఆ దూలం నడిమధ్యన, గొర్రె నరంతో పేనిన తాడుకు వేలాడుతుంది. గాలిలో చెమ్మ పెరిగితే నరం ఒక వైపు మెలి తిరుగుతుంది, ఆరితే రెండో వైపు. దాంతో దూలమూ తిరుగుతుంది. వాన వచ్చేలా ఉంటే మగబొమ్మ బయటికొచ్చి ఆడబొమ్మ లోపలికి పోతుంది. ఎండ కాసేలా ఉంటే ఆవిడ బయటికి, ఆయన లోపలికి. ఇద్దరూ కలిసి లోపల ఉండడం గానీ, కలిసి బయట నిలబడడం గానీ జరగని పని. బెల్లం వండేవాళ్ళు ఆ బొమ్మల వంక చూసి గానీ పొయ్యి రాజేయరు.

రెండువేల ఆరులో, వానలు అప్పుడే మొదలైన రోజుల్లో, ఆ నరం తెగిపోయింది. చర్చి కావలి కాసే ముసలి కృపానిధి, ఊళ్ళో వడ్రంగి జాన్ బాబును పిలిచాడు. జాన్ బాబు ఒక్క పూటలో బాగుచేసేశాడు. బొమ్మలు ఇదివరకటి కంటే చురుగ్గా తిరుగుతున్నాయని ఊరంతా మెచ్చుకుంది.

మెచ్చుకోనిది ఒక్క రోజలిన్. ఆమె జాన్ బాబు పెళ్ళాం. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పెళ్ళయి మూడేళ్ళయినా అతని ప్రేమలో ఆమెకు ఇంతవరకు వంక కనబడలేదు. ఆ వానాకాలంలో కనబడింది.

మొదటి చినుకు పడితే చాలు, జాన్ బాబు నోటి దగ్గర ముద్ద ఉన్నా కంచంలో వదిలేసి బయటికి నడిచేవాడు. ఎక్కడికని అడుగుతుండగానే గడప దాటేసేవాడు. వాన వెలిశాక తడిసి ముద్దయి వచ్చి, మంచం ఎక్కి, ఎండ కాసినంత సేపూ గడప దాటేవాడు కాదు. ఒళ్ళు బాగాలేదేమోనని మొదట్లో జాలిపడింది. తరువాత జాలి పోయింది. వానలో తడుస్తూ పరిగెత్తేంత పని మగవాడికి ఏముంటుంది? ఎక్కడో ఎవతో తలుపు తీసుకుని కూర్చుని ఉండాలి. అనుమానం పెనుభూతం అన్నారు. అది ఒకసారి గడప ఎక్కితే దించడం ఎవరి తరమూ కాదు.

ఒక విషయం మాత్రం ఆమె గమనించుకోలేదు. అతను ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె ఇంట్లో ఉండడం లేదు. అతను తడిసి లోపలికి వచ్చేసరికి ఆమెకు బట్టలు ఆరేయడమో, ఎవరికో జాకెట్టు ఇచ్చి రావడమో గుర్తొచ్చేది. వాన లేని రాత్రుళ్ళు లోపల గాలాడడం లేదని అరుగు మీద పడుకునేది. తన వీపు తనకు కనబడదు కదా.

ఒకరోజు మబ్బు పట్టగానే, ఇవాళ ఎలా వెళ్తాడో చూద్దామని అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. చినుకులు మొదలయ్యాయి. జాన్ బాబు ఆమె వైపు చూశాడు. ఏరు లాక్కుపోతుంటే ఒడ్డున ఉన్నవాళ్ళను చూసినట్టు చూశాడు. చెయ్యి జారిపోయింది. వెంటపడదామని గుమ్మం దాకా వెళ్ళింది గానీ, గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. కోపంతో బిగుసుకుపోయాననుకుంది. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చింది.

ఇది చాలదన్నట్టు మర్నాడు గోడ గూట్లో చెయ్యి పెడితే వెంట్రుకల ఉండ కనబడలేదు. దువ్వెనకు వచ్చిన జుట్టు పారేయకుండా చుట్టి దాచుకోవడం ఆమెకు అలవాటు. జుట్టు కొనేవాడు వీధిలోకి వస్తే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు స్టీలు గిన్నెలకు ఇచ్చేసేవాళ్ళు. రోజలిన్ మాత్రం మంచి సవరం కట్టించుకుందామని మూడేళ్ళుగా పోగుచేస్తోంది. అది పోయింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. తన జుట్టు తీసుకెళ్ళి ఆ వగలాడికి సవరం కట్టించాడన్నమాట. ఆ ఆలోచనకు ఆమె ఒళ్ళు మండిపోయింది. ఎదురింటి దేముడమ్మను కదిపితే, నీ మొగుడు వానలో వానబొమ్మల ఇంటి ముందు నిలబడి ఉంటాడు, రెండు మూడు సార్లు చూశానని చెప్పింది.

ఆ సాయంత్రం వాన లేదు. కుట్టిన జాకెట్లు సంచిలో వేసుకుని, పనిలో పనిగా కత్తెర కూడా అందులోనే పడేసుకుని, రోజలిన్ చర్చి గేటు దగ్గరికి పోయింది. కృపానిధి గేటు లోపల మేకలకు ఆకు వేస్తున్నాడు. తన మొగుడు ఏ ఆడదాని కోసం ఇక్కడికొస్తున్నాడో చెప్పమని నేరుగా అడిగింది. ముసలాడు నవ్వాడు. ఇక్కడున్న ఆడమనిషి ఒక్కతేనని, అదీ చెక్కదని అన్నాడు. ఆమె నవ్వకపోవడం చూసి తనూ నవ్వు ఆపాడు.

అప్పుడు ఆమె వెంట్రుకల సంగతి అడిగింది. ఆయన తెలిసిందంతా చెప్పాడు. గొర్రె నరం పేనే పని ఇప్పుడు ఎవరికీ రాదు. వెంట్రుక కూడా చెమ్మకు నరంలాగే మెలి తిరుగుతుందని జాన్ బాబుకు తట్టింది. ఇంటి నుంచి ఒక ఉండ తెచ్చాడు.

"నీదేనమ్మా అది. సాలదని తన జుట్టు కూడా తీయించి కలిపేడు. మొగుడూ పెళ్ళాల జుట్టు కలిపి పేనితే తెగదని నవ్వేడు."

రోజలిన్‌కు గుండెల్లోంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఆడదీ లేదు, పాడూ లేదు. ఆ వెంటనే ఇంకో బరువు వచ్చి కూర్చుంది. వాన వస్తే అతను బయటికి. ఎండ కాస్తే తను బయటికి. ఈ నెల రోజుల్లో ఇద్దరూ ఒక కప్పు కింద కూర్చుని అన్నం తిన్న పూట ఏదీ... ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆమె ముఖం చూసి కృపానిధి గొంతు తగ్గించాడు. పాదిరి దొరను, అతని భార్య దొరసానిని చిన్నప్పుడు చూసినవాడు తన తండ్రి అట. ఆ ఇద్దరూ పక్కపక్కన నిలబడగా ఎవరూ ఎరగరట. దొర ప్రార్థనకు లోపలికి వస్తే దొరసాని చెట్టు కింద ఉండేదట. పోట్లాడుకున్నారని ఊరు అనుకునేదట. మొన్న తెగిన గొర్రె నరంలోనూ రెండు రకాల వెంట్రుకలు కలిపి పేని ఉన్నాయట.

అది విప్పేయాలని ఆమె పట్టుబట్టింది. ఆయన కాదనలేదు. చెక్క ఇంటి వెనక చిన్న తలుపు తాళం తీశాడు. చీకటి పడుతోంది, దీపం తెస్తానని తన గది వైపు నడుస్తూ, ఆగి వెనక్కి తిరిగాడు.

"కత్తెర ఎట్టకమ్మా. ముడి ఇప్పు. తాడు కొయ్యకూడదని మా నాయన సెప్పేడు."

"ఎందుకు మామయ్యా?"

"అది సెప్పకుండానే పోనాడు."

రోజలిన్ వంగి లోపలికి దూరింది. పాత చెక్క వాసన, గబ్బిలాల కంపు. ఆ రెండింటి కిందా తనకు బాగా తెలిసిన కొబ్బరినూనె వాసన. అది తన తల వాసన. పైనుంచి చిటికెన వేలంత లావున నల్లటి తాడు దిగి దూలానికి ముడిపడి ఉంది. ఆమె పక్కనే, భుజానికి తగిలేంత దగ్గరగా, మగబొమ్మ రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. ఆడబొమ్మ బయట గుమ్మంలో ఉంది.

ముడి మీద చెయ్యి వేసింది. అది రాయిలా బిగిసి ఉంది. గోళ్ళు విరిగాయి గానీ ఒక్క పోగు కదలలేదు.

బయట ఉరిమింది.

గుమ్మంలోంచి వచ్చే కాస్త వెలుతురూ పోయింది. తడి మట్టి వాసన లోపలికి కొట్టింది. ఆమె వేళ్ళ కింద తాడు మెల్లగా మెలి తిరిగింది... పాము కదిలినట్టుగా కాదు. ఎవరో తల తిప్పితే జడ కదిలినట్టు.

కిర్ర్...

మగబొమ్మ బయటికి కదిలింది. రెండో గుమ్మంలోంచి ఆడబొమ్మ వెనక్కి వెనక్కి, చీకట్లోకి వచ్చింది. అది రోజలిన్ పక్కకు వచ్చి ఆగింది. దాని వీపు మాత్రమే కనబడాలి. అలా అయితే బాగుండేది...

ముఖం రోజలిన్ వైపే ఉంది.

ఎప్పుడు తిరిగిందో తెలియదు. రంగు వెలిసిన చెక్క ముఖం. కళ్ళ కింద తడి.

రోజలిన్ కాళ్ళు వాటంతటవే తలుపు వైపు తిరిగాయి. ఇంటికి పో... లోపలికి పో... అని ఎవరూ అనలేదు. కాళ్ళకే తెలిసినట్టుంది. ఈ వాన పడిందంటే తను ఇంట్లో, అతను వానలో. రేపు ఎండ వస్తే అతను ఇంట్లో. ఇక బతుకంతా ఇంతే. ముసలాడి మాట గుర్తుంది. గుర్తుండే సంచిలో చెయ్యి పెట్టింది.

కత్తెర నోరు తాడు మీద మూసుకుంది. కచ్‌మని ఒక్క చప్పుడు.

ఆమె నెత్తి మీద ఎవరో జుట్టు పట్టి లాగి వదిలినట్టయింది. దూలం ఆధారం లేక కింద పడాలి. పడలేదు. తాడు తెగి వేలాడుతున్నా, దూలం తిరగడం ఆగలేదు...

కిర్ర్... కిర్ర్...

వెనక్కి చూడకుండా బయటపడి పరిగెత్తింది. దీపంతో వస్తున్న కృపానిధి ఏదో అన్నాడు. ఆమె వినలేదు. వాన ముఖం మీద కొట్టింది. ఎన్ని రోజులైందో తను వానలో తడిసి. భయంలోనే ఆమెకు నవ్వు వచ్చింది.

జాన్ బాబు వీధి మొదట్లో తడుస్తూ నిలబడి ఉన్నాడు. కాళ్ళు తేలికయ్యాయని, ఏమిటో తెలియడం లేదని అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఇంటి వైపు లాగింది. ఇద్దరూ కలిసి గడప దాటారు. కాళ్ళు ఆగలేదు. తలుపు మూసి గడియ పెట్టింది.

కరెంటు లేదు. కొవ్వొత్తి వెలిగించి, తువ్వాలుతో అతని తల తుడిచింది. ఈ నెల రోజుల తన ఏడుపు అంతా చెప్పింది. జాన్ బాబు నేల చూస్తూ విన్నాడు. తనూ అలాగే అనుకున్నానని ఒప్పుకున్నాడు. తను ఇంట్లోకి రాగానే ఆమె బయటికి పోతుంటే, తనంటే మొహం మొత్తిందని, మనసు ఇంకెక్కడో ఉందని అనుకున్నాడట. ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకున్నందుకు ఒకే కంచంలో అన్నం పెట్టుకుని నవ్వుకున్నారు. ఆ పూట తిన్న చప్పటి పప్పు అంత రుచిగా ఎప్పుడూ లేదు.

చేతులు కడుక్కోవడానికి రోజలిన్ పెరటి తలుపు తీసింది. ఒక అడుగు వేయబోయింది. కాలు గడప మీదే నిలిచిపోయింది. ఇంకో కాలు పెట్టింది. అదీ అంతే. తలుపు నెమ్మదిగా మూసి గడియ వేసి, వచ్చి అతని పక్కన కూర్చుంది. జాన్ బాబు ఆమెను చూసి లేచి వీధి తలుపు దాకా వెళ్ళాడు. గడియ తీసి బయటికి కాలు ఎత్తాడు గానీ, అదీ గడప మీదే ఆగిపోయింది. మళ్ళీ గడియ పెట్టి వెనక్కి వచ్చాడు.

"వాన తగ్గాక ఎల్దాం," అన్నాడు గుసగుసగా.

ఆమె తల ఊపింది.

అప్పుడు ఎదురింటి అరుగు మీద నుంచి దేముడమ్మ గొంతు వినబడింది. విసుగూ ప్రేమా కలిసిన గొంతు.

"ఏటి రోజలీ, మొగుడూ పెళ్ళాలు వానలో అలా నిలబడిపోనారు? నీ ఇంటికి నువ్వు ఎల్డానికి కూడా సెప్పాలేటి? లోపలికి పొండి."

జాన్ బాబు కొవ్వొత్తి ఊదేశాడు. చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు వెతుక్కున్నారు. వీధి తలుపుకు అవతల, మెట్టు మీద, నీళ్ళు కారుతున్న చప్పుడు, కిర్ర్‌మని చెక్క కదిలిన చప్పుడు.

"ఎల్తన్నాం వదినా," అంది బయటి నుంచి ఒక ఆడగొంతు.

రోజలిన్ రెండో చేత్తో తన నోరు తడుముకుంది. నోరు మూసే ఉంది. పలికింది మాత్రం తన గొంతే.