ఆగయ్య తొమ్మిదేళ్లు

"మా బాపును ముసలోన్ని ఎవరు జేసిన్రు?"

బహదూర్‌పురా పంపుల ఫ్యాక్టరీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఆరుగురు గుమాస్తాలూ ఒక్కసారి తలెత్తారు. ఎత్తి, అంతే వేగంగా దించేసుకున్నారు. తలుపులో నిలబడ్డ మనిషి చేతులకి గ్రీజు, భుజాల మీద వాన, మొహం నిండా కోపం. చేతిలో ఒక కాగితం. ఆ కాగితానికి జవాబు చెప్పే ధైర్యం లేక అందరూ ఓరగా ఒకే కుర్చీ వైపు చూశారు. ఆ కుర్చీలో అమ్మాజీ ఉంది.

అమ్మాజీకి ఇరవై మూడేళ్లు. కాకినాడ పిల్ల. సైదాబాదులో అమ్మానాన్నలతో ఉంటోంది. కార్మికుల సర్వీసు పుస్తకాలన్నీ ఆమె బీరువాలోనే ఉంటాయి. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు చేరారు, ఎప్పుడు ఇంటికి పోవాలి, అంతా అందులోనే. ఉద్యోగంలో చేరి పది నెలలైంది. ఇంకో రెండు నెలలు మచ్చ లేకుండా గడిస్తే ప్రొబేషన్ అయిపోయి పర్మనెంటు. తండ్రి పరబ్రహ్మం డ్రాయింగు మాస్టారుగా రిటైరై కూర్చున్నాడు కాబట్టి ఆ పర్మనెంటు కోసం ఇంటిల్లిపాదీ రోజులు లెక్కపెడుతున్నారు.

"ముందు మీరు కూర్చోండి. ఆ చెయ్యి మాత్రం నా రిజిస్టరు మీద పెట్టకండి," అంది అమ్మాజీ.

"నేను కూసోను. నా పేరు బాలకిషన్, మిషన్ షాపుల టర్నర్‌ను. మా బాపు ఆగయ్య, ఫౌండ్రీల మౌల్డర్. ఆయనకు యాభై ఎనిమిది నిండినయట, ఈ నెలాఖరుకు రిటైరట! ఏంది మేడం గిది? నిన్న గూడ పోత పోసే ఇనుప సాంచాలు ఒక్కడే లేపిండు."

"ఇనుము ఎత్తితే వయసు తగ్గదండీ. రికార్డు ప్రకారం మీ నాన్నగారు పుట్టింది పంతొమ్మిది వందల పన్నెండులో."

"పన్నెండా? గట్లయితే మా నాయనమ్మ లగ్గం కాకముందే పుట్టిండు!"

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మాజీకీ నవ్వొచ్చింది. దాన్ని పళ్ల బిగువున ఆపి, బీరువాలోంచి పుస్తకం తీసి ముందు పెట్టింది.

"ఇదిగో, చదివి సరిచూసుకున్నానని మీ నాన్నగారి సంతకం కూడా ఉంది."

"ఇంగ్లీషుల ఉన్నది మా బాపు ఎట్ల చదువుతడు? పెట్టమన్నరు, పెట్టిండు. దఫ్తర్ల కూసున్నోళ్లు తప్పు రాయరని ఆయన నమ్మకం."

ఆ చివరి మాట అమ్మాజీకి ఎక్కడో తగిలింది. ఆగయ్యకి ఆ సంతకం చోటు వేలితో చూపించింది తనే. "ఇక్కడ పెట్టండి బాబాయిగారూ," అంటే, ఆయన నవ్వుకుంటూ పెట్టేసి వెళ్లాడు.

నిరుడు చలికాలంలో జరిగిన పని అది. నిజాం కాలం నుంచి వస్తున్న ఉర్దూ సర్వీసు పుస్తకాలన్నిటినీ ఇంగ్లీషు అచ్చు పుస్తకాల్లోకి ఎక్కించమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఫౌండ్రీవి పదకొండు పుస్తకాలు అమ్మాజీ వంతుకొచ్చాయి. అటెండరు పెంటయ్య ఉర్దూ చూసి అంకెలు చదివేవాడు, ఆమె వాటిని ఇంగ్లీషు సంవత్సరాల్లోకి మార్చి రాసేది. ఎంత శ్రద్ధగా రాసిందో! ఒక్క సిరా మరక లేదు.

"పాత పుస్తకం ఏడున్నది?"

"వెనక రేకుల గదిలో ఉంది. కానీ చదివేవాళ్లేరీ? పెంటయ్య పోయిన నెలే రిటైరై ఊరెళ్లిపోయాడు."

"మొఘల్‌పురాల ఏడో తరగతి దాంక నేను ఉర్దూలనే చదివిన. తాళం తీస్కొని రాండ్రి."

ఆ హుకుం ఏమిటో, ఆ పెత్తనం ఏమిటో! అమ్మాజీకి ఒళ్లు మండింది. అయినా తాళంచెవి తీసుకుని లేచింది.

*

భోజనాల వేళ రేకుల గదిలో వాన చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. రెండు చోట్ల పైకప్పు కారుతోంది. బాలకిషన్ కట్టలు దించుతుంటే అమ్మాజీ దుమ్ము దులుపుతోంది. దులిపిన దుమ్మంతా అతని జుట్టులోకే పోతోంది. కొంత పొరపాటున, కొంత కావాలనే.

"మీకు నామీద మస్తు కోపమున్నట్టున్నది," అన్నాడు తుమ్ముతూ.

"లేదండీ. దుమ్ముకి ఉంది."

అతను నవ్వాడు. కోపంగా ఉన్నప్పుడు కనిపించని సొట్ట ఒకటి ఎడమ బుగ్గ మీద పడింది. అమ్మాజీ చప్పున పుస్తకాల వైపు తిరిగింది. ఆ సొట్ట సంగతి ఆమెకెందుకు చెప్పండి?

నాలుగో కట్టలో దొరికింది ఆగయ్య పుస్తకం. అంచులు చెదలు తిన్నాయి కానీ మొదటి పుట బాగానే ఉంది. బాలకిషన్ వేలు పెట్టి చదివాడు.

"పైదాయిష్, సన్ తేరా సౌ తీస్. పుట్టింది పదమూడు వందల ముప్ఫై."

"నేనూ అదే రాసుకున్నాను. హిజ్రీ పదమూడు వందల ముప్ఫై అంటే మనకి పంతొమ్మిది వందల పన్నెండు. మా నాన్నగారి పాత పంచాంగాలు ముందేసుకుని లెక్కకట్టాను," అంది అమ్మాజీ, కాస్త గర్వంగానే.

"నౌకరీల చేరింది తేరా సౌ అడ్తాలీస్. పదమూడు వందల నలభై ఎనిమిది."

"అంటే పంతొమ్మిది వందల ముప్ఫై. పద్దెనిమిదేళ్లకి చేరారు. అంతా సరిపోయిందిగా!"

బాలకిషన్ తల గోక్కున్నాడు. కిటికీలోంచి గేటు వైపు చూశాడు.

"మేడం, రోజూ పొద్దుగాల గేటు కాడ ఒక రాయి కనబడతది గదా, ఫ్యాక్టరీ మొదలు పెట్టినప్పుడు పాతింది. దానిమీద ఏమున్నది?"

"పంతొమ్మిది వందల ముప్ఫై..." అమ్మాజీ గొంతు సగంలోనే ఆగిపోయింది. "...ఎనిమిది."

"ఫ్యాక్టరీ లేకముందే మా బాపు ఎనిమిదేండ్లు డ్యూటీ జేసిండా? ఏడ జేసిండు? మూసీల జేసిండా?"

అమ్మాజీ పుస్తకాల కట్ట మీద కూలబడింది.

"గిది హిజ్రీ గాదు, ఫసలీ," అన్నాడు బాలకిషన్ మెల్లగా. "నిజాం జమాన్ల దఫ్తర్ల లెక్కంత ఫసలీలనే. ఐదొందల తొంభై ఒకటి కలిపితే ఇంగ్లీషు సన్ వస్తది. మా బాపు పుట్టింది పంతొమ్మిదొందల ఇర్వై ఒకటి. తొమ్మిదేండ్లు తేడా."

"ఫసలీ పొలాలకి కదండీ!" అంది అమ్మాజీ ఏడుపు గొంతుతో. "మా వైపు కరణంగారు శిస్తు రాసుకునేది ఫసలీలో. మనుషుల పుట్టుకకి ఫసలీ ఏవిటండీ? ఉర్దూలో ఉంది కదా, హిజ్రీయే అనుకున్నాను."

"మా దిక్కు మనుషులకు గూడ పంటల లెక్కనే," అని అతను నవ్వబోయి, ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయాడు.

ఒక్క ఆగయ్యవే కాదు, పదకొండు పుస్తకాలూ ఆమె అలాగే రాసింది. పదకొండు మందినీ తొమ్మిదేళ్ల చొప్పున ముసలివాళ్లని చేసింది. అందరిలోకీ ఆగయ్య పెద్ద కాబట్టి ముందు బయటపడింది, అంతే.

"మీకు నౌకరీ పర్మనెంటు కాలేదా?" అడిగాడు బాలకిషన్.

"రెండు నెలలుంది."

అతను తలుపు దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు. వచ్చినప్పటి లొల్లి అంతా ఎటు పోయిందో, గొంతు బాగా తగ్గించి అన్నాడు. "ఒక పని జేయుండ్రి. పెంటయ్య తప్పు చదివిండని రాయుండ్రి. ఆయన రిటైరైపాయె, ఆయనకేం ఫికర్ లేదు. మా బాపు పని అయితది, మీ నౌకరీ ఉంటది."

అమ్మాజీ కళ్లు తుడుచుకుంది. నిజానికి ఆ ఆలోచన ఆమెకీ వచ్చింది, అబద్ధం ఎందుకు? కానీ "దఫ్తర్ల కూసున్నోళ్లు తప్పు రాయరు" అన్న ఆ పెద్దాయన నమ్మకం చెవిలోంచి పోవడం లేదు.

"పెంటయ్య అంకెలు సరిగానే చదివాడండీ," అంది లేస్తూ.

*

సూపరింటెండెంటు రామచంద్రరావుగారికి లోకంలో నచ్చనిది ఒకటే, సర్వీసు పుస్తకంలో కొట్టివేత. కొట్టివేయాల్సి వస్తే ఎర్రసిరాతో కొట్టి, పక్కన కారణం రాసి, తప్పు చేసినవాళ్లు కింద సంతకం పెట్టాలి. ఆ సెక్షన్‌లో ఎర్రసిరా బుడ్డి మూత తీసి నాలుగేళ్లైంది.

"పదకొండా!" అన్నారాయన కళ్లజోడు తీసి. "పదకొండు కొట్టివేతలా అమ్మాయ్? అయినా ఆ ఆగయ్య సంతకం పెట్టాడుగా. చదివే పెట్టాడని రూలు."

"చదవలేదండి. చోటు చూపించి పెట్టించింది నేనే. ఆ మాట కూడా రాస్తాను."

"రాస్తే నీ పుస్తకంలోకి మెమో ఎక్కుతుంది. ప్రొబేషన్ ఆరు నెలలు పెరుగుతుంది. ఆలోచించుకున్నావా?"

"రేకుల గదిలోనే ఆలోచించుకున్నానండి."

ఆయన సొరుగులోంచి ఎర్రసిరా బుడ్డి తీసి బల్ల మీద పెట్టారు. పదకొండు సార్లు అమ్మాజీ రాసింది, "ఫసలీని హిజ్రీగా పొరబడి రాశాను, తప్పు నాది" అని ఇంగ్లీషులో. పదకొండిటినీ మళ్లీ చదివి, కింద సంతకం పెట్టింది.

ఆగయ్య రిటైర్మెంటు కాగితం ఆ సాయంత్రమే రద్దైంది. అమ్మాజీ ప్రొబేషన్ కూడా అన్నట్టే పెరిగింది. ఇంట్లో తల్లి రెండు రోజులు ముక్కు చీదింది. కానీ మూడో రోజు పొద్దున అమ్మాజీ గేటు దాటుతుంటే, డ్యూటీ ఎక్కుతున్న ఫౌండ్రీ వాళ్లంతా బాట వదిలి పక్కకి నిలబడ్డారు. "తొమ్మిదేండ్ల మేడం వస్తున్నది, జరుగుండ్రిరా," అన్నాడు ఎవరో. ఆ పేరు ఆమెకి స్థిరపడిపోయింది.

ఇంతకీ రామచంద్రరావుగారు ఇంకో ఆర్డరు కూడా వేశారు. పదకొండు పాత పుస్తకాలూ మొదటి పుట నుంచి చివరి పుట దాకా మళ్లీ సరిచూడాలి. ఉర్దూ చదవడానికి టర్నర్ బాలకిషన్ రోజూ రెండు నుంచి మూడు దాకా సెక్షన్‌లో కూర్చోవాలి.

వారంలో అయ్యే పని. దసరా దగ్గర పడినా తెమల్లేదు.

"ఏమయ్యా, పదకొండు పుస్తకాలకి మూడు నెలలా?" అని రామచంద్రరావుగారు అడిగితే, "చేతిరాత మస్తు ఖరాబున్నది సార్," అన్నాడు బాలకిషన్. అమ్మాజీ తలొంచుకుని, ఎప్పుడో పూర్తైన జాబితాని మళ్లీ మొదటి నుంచి సరిచూడసాగింది.

ఆఖరి పుస్తకం ఆఖరి పుట కూడా అయిపోయిన రోజు, బయట ముసురు పట్టింది. బాలకిషన్ లేవలేదు.

"నా పుస్తకం గూడ ఒకసారి చూడుండ్రి మేడం. తప్పులుంటయేమో."

అమ్మాజీ తీసింది. "గుర్తింపు చిహ్నం, కుడి కనుబొమ్మ మీద గాటు."

"ఉన్నదా లేదా చూసి చెప్పాలె గదా? చూడకుంట టిక్కు పెడితే మళ్ల మెమో."

అమ్మాజీ చూసింది. గాటు ఉంది. ఉందని తెలిశాక కూడా ఇంకాస్త సేపు చూసింది.

"సరిపోయిందండీ. మీ పుస్తకంలో తప్పేమీ లేదు."

"ఉన్నది. నాలుగో కాలమ్‌ల పెండ్లి కాలేదని రాసున్నది. గది మార్చాలె."

అమ్మాజీ చేతిలో కలం ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆమె ఎవరనుకున్నారు? రామచంద్రరావుగారి సెక్షన్ మనిషి.

"ఊరికే మార్చడం కుదరదండీ. ఆధారం చూపించాలి."

"ఆధారం నా ముందే కూసున్నది. ఆమె ఊ అంటే చాలు." ఈసారి అతను నవ్వడం లేదు. "ఆ దినం రేకుల గదిల, పెంటయ్య మీద పెట్టమంటె పెట్టలే గదా మీరు. గప్పటి సంది నాకు వేరే సోయి లేదు."

అమ్మాజీ కలానికి మూత పెడుతూ అంది. "ఊ. కానీ పై సంతకం మా నాన్నగారిది. ఆయన్ని అడగాలి."

*

ఆదివారం పొద్దున్నే తెల్ల ధోవతి, తలపాగా, చేతిలో సీతాఫలాల బుట్టతో ఆగయ్య సైదాబాదులో దిగి పేరు చెప్పేసరికి పరబ్రహ్మం హడలిపోయాడు. కూతురు చేసిన పొరపాటు ఆయనకి తెలుసు. పంచాంగాలు ఇచ్చింది తనే మరి! పోట్లాటకే వచ్చాడనుకుని, గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"బావగారూ, చిన్నపిల్ల, తెలియక రాసింది. పెద్ద మనసుతో క్షమించాలి."

"బావా అని మీరే అంటిరి, నా పని ఆసాన్ అయింది," అన్నాడు ఆగయ్య, బుట్ట దించుతూ. "నేనొచ్చింది లొల్లికి గాదు. మీ బిడ్డను మా బాలకిషన్‌కు అడగనీకి వచ్చిన. తన నౌకరీ పోతదని తెల్సి గూడ నా వయసు నాకు ఇప్పించింది. గసొంటి పిల్ల మా ఇంట్ల ఉంటే చాలు, ఇంకేం అడగ."

పరబ్రహ్మం లోపలికి చూశాడు. తలుపు పక్క నుంచి అమ్మాజీ చీరకొంగు కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు. ఆ కొంగు ఒకటే వణుకుతోంది.

"ఏవమ్మా?" అన్నాడు.

"మీ ఇష్టం నాన్నగారూ," అంది కొంగు. కానీ అంత హుషారుగా "మీ ఇష్టం" అన్న పిల్లని పరబ్రహ్మం తన జన్మలో చూడలేదు. నవ్వేసి, పంచాంగం అందుకున్నాడు.

లగ్నపత్రిక రాసే రోజున మాత్రం ఆగయ్య ఒక పట్టు పట్టాడు. ముహూర్తం ఒక్క లెక్కలోనే రాస్తే ఒప్పుకోనన్నాడు. సాధారణ నామ సంవత్సరం, మాఘమాసం అని రాసిన దాని కింద ఇంగ్లీషు 1971 ఫిబ్రవరి, దాని కింద ఫసలీ 1380, దాని కింద హిజ్రీ 1390 అని పరబ్రహ్మం చేతనే రాయించాడు.

"ఇగ సరిపాయె. ఎవడు ఏ లెక్కల చదివినా లగ్గం గా దినమే కావాలె. తొమ్మిదేండ్లు ముందుకు గుంజొద్దు, వెనుకకు జరపొద్దు," అన్నాడు.

అందరూ నవ్వుతుంటే ఆయన ఆ కాగితం తీసుకుని అమ్మాజీ ముందు పెట్టాడు. చివర ఖాళీ ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు, నిరుడు ఆమె ఆయనకి చూపించినట్టే.

"నేనైతే చదవకుంట పెట్టిన బిడ్డా. నువ్వు చదివి పెట్టు."

పెళ్లికూతురు లగ్నపత్రిక మీద సంతకం పెట్టడం ఎక్కడా లేదని పెద్దవాళ్లు గొణిగారు. అమ్మాజీ వినిపించుకోలేదు. కాగితం దగ్గరకి తీసుకుని పైనుంచి కింది దాకా చదివింది. నాలుగు లెక్కలూ వేళ్ల మీద సరిచూసుకుంది. ఒక్క కొట్టివేత లేదు. అప్పుడు పెట్టింది సంతకం.