ఒడెట్ మెడలో టోకెన్

"ఒడెట్‌ను అరెస్టు చేయొద్దు. ఓడించు," అన్నాడు పై అధికారి హార్లో.

ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ రేవు దగ్గర ఆపిన ఐస్ వ్యానులో ఆ బ్రీఫింగు నాలుగు నిమిషాల్లో ముగిసింది. ఒడెట్ తమ గూఢచారి శాఖ మనిషే. ఇక్కడ జీతం, అవతలి ముఠా దగ్గర కిరాయి. పసిఫిక్ దీవుల్లో మారుపేర్లతో బతుకుతున్న పదకొండుమంది ఏజెంట్ల జాబితా ఆమెకు చిక్కింది. ఆదివారం ఫిషింగ్ క్లబ్బులో పోకర్ పోటీ. ప్రతి ఆటగాడి మెడలోనూ ఒక చెక్క టోకెన్ ఉంటుంది. ఎవరిని ఆటలోంచి పంపేస్తే వాళ్ళ టోకెన్ గెలిచినవాడిది. ఒడెట్ టోకెన్‌లోనే ఆ జాబితా. దాన్ని కొనేవాడు ఆమెను ఓడించి, అందరి ఎదుటా దర్జాగా అందుకుంటాడు. రేడియో దాచిన వేలి ఉంగరం దానికి తాకించాడంటే పేర్లు సముద్రం దాటిపోతాయి. వాడెవడో తెలియదు. ముందే ఒడెట్‌ను పట్టుకుంటే వాడు జారిపోతాడు.

అందుకే ఒడెట్ ఎన్నడూ చూడని ఏజెంట్ టెగన్ ప్రయర్ నర్సు వేషంలో, చెవి మెషీన్లో దాచిన రేడియోతో, ఆదివారం పొద్దున్నే పోటీలో కూర్చుంది. ఎనిమిది వారాలు కంప్యూటర్ మీద సాధన చేసింది. అక్కడ ఆమెకు తిరుగులేదు.

ఇక్కడ పట్టిందల్లా తప్పే. తన వంతు రాకుండానే ముక్కలు పారేసి తిట్లు తింది. పందెం రెండు విడతలుగా పెడితే రెండోది చెల్లదన్నారు. పెంచుదామని పెద్ద చిప్పు ఒక్కటి విసిరితే, డీలర్ బెరిల్ చిల్లర వెనక్కి తోసింది.

"నోరు తెరిచి రెయిజ్ అనకపోతే అది కాల్ కిందే లెక్క, ఉన్న పందేనికి సరిపెట్టినట్టే, అమ్మాయ్. నీ మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

టేబులంతా నవ్వింది. ఒడెట్ ఉన్నది అవతలి టేబుల్ దగ్గర. చెవిలో హార్లో "టీ చల్లారుతోంది" అంటూ సణుగుతున్నాడు. త్వరగా కానిమ్మని కోడ్. అయిదోసారికి ఆ మెషీన్ పీకి బీరు గ్లాసులో పడేయాలనిపించింది టెగన్‌కు.

మధ్యాహ్నం మూడింటికి రెండు టేబుళ్ళూ కలిపారు. ఎదురుగా పచ్చ పట్టు గౌనులో మెరిసిపోతూ ఒడెట్. ఆమె పక్కన, రొయ్యల పడవ నడుపుతానని చెప్పుకుంటున్న కీరన్.

ఒడెట్ ఉన్న చిప్పులన్నీ ముందుకు తోసి "ఆల్-ఇన్" అంది. కీరన్ మాట్లాడకుండా పెద్ద చిప్పు ఒక్కటి విసిరాడు.

"కాల్," అంటూ బెరిల్ చిల్లర తోసింది.

కీరన్ తెల్లమొహం వేశాడు. ఆ మొహం టెగన్‌కు తెలుసు. పొద్దున తనదే. వీడూ స్క్రీన్ మీద నేర్చుకుని వచ్చినవాడే. పడవ మనిషి కాదు, పంపగా వచ్చిన మనిషి. హార్లోకు చెప్పే వ్యవధి లేదు. చేతిలో రెండు రాణులు. తనూ కాల్ అంది.

టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు పడ్డాయి. ఒక్కటీ ఆమెకు కలిసిరాలేదు. పందెం ఎవరూ పెంచలేదు. ఒడెట్ రెండు పదులు చూపించింది. కీరన్ భుజాలు హాయిగా సడలాయి, టెగన్ వైపు చూడనైనా లేదు.

అంటే వాడి ముక్కల ముందు తన రాణులు చాలవు. పదకొండుమంది పోయినట్టే. స్క్రీన్ మీద ముక్కలు వాటంతటవే తెరుచుకుంటాయి, గెలిచినవాడికి అన్నీ వచ్చిపడతాయి. ఇక్కడ ఎవరూ ఏదీ చేసిపెట్టరని పొద్దుటినుంచీ చీవాట్లు తింటూ నేర్చుకుంది. వాడు నేర్చుకున్నాడా?

"మీదేలెండి," అంది టెగన్ నీరసంగా. తన ముక్కల మీద చెయ్యి మాత్రం తీయలేదు.

కీరన్ నవ్వాడు. తన ముక్కల్ని బోర్లాగానే డీలర్ వైపు తోసేసి, ఉంగరమున్న చెయ్యి చాచాడు. ఒడెట్ టోకెన్ తీసి అందించబోయింది. బెరిల్ ఆ ముక్కల్ని పారేసిన ముక్కల్లో కలిపేసింది.

టెగన్ రాణుల్ని తిప్పింది.

"నా దగ్గర మూడు తొమ్మిదులున్నాయి," అన్నాడు కీరన్.

"ఉండేవి, నాయనా. చూపించకుండా ఇచ్చేశాక ఆట లేదు." బెరిల్ చెయ్యి అడ్డం పెట్టింది. ఉంగరానికి అంగుళం దూరంలో ఆగిన టోకెన్ టెగన్ చేతికొచ్చింది. బార్ దగ్గర చేపలు తింటున్న హార్లో మనుషులు నలుగురు లేచి వచ్చి కీరన్‌నూ ఒడెట్‌నూ చెరోవైపూ పట్టుకున్నారు.

పోటీ నిర్వాహకుడు అదేమీ పట్టించుకోలేదు. పదకొండు ప్రాణాలు కాపాడిన ఏజెంట్ ప్రయర్‌ను, ఆట మధ్యలో ఎదుటివాణ్ణి మాటలతో తప్పుదోవ పట్టించినందుకు, పది నిమిషాలు టేబుల్‌కు దూరంగా నిలబెట్టాడు.