ఒదగని వెండి చషకం

హంగెరీ రాజ్యపు సరిహద్దును తరతరాలుగా కాచిన వార్కో కోటను శత్రుసేన చుట్టుముట్టి నలభై దినాలైంది. బురుజుల మీద పొగ, వీధులలో ఆకలి, ప్రార్థనామందిరంలో ఎడతెగని మొర. సాయం తేవడానికి ముట్టడిని చీల్చుకొని వెళ్ళిన సేనాపతి బాలింట్ దొర జాడ లేదు. కోట భారమంతా ఆయన తల్లి ఓర్షోయా దొరసాని మీద పడింది.

ఆ ఉదయం శత్రువుల దూత ఒక వెండి చషకం ఇచ్చి పోయాడు. మంత్రి గాష్పార్ దానిని సభలో ఎత్తి చూపాడు.

"దొరసానీ, తమ కుమారులు సంధి చేసుకున్నారట. తలుపులు తీయమని ఆనవాలు పంపారు. ఇదిగో తమ వంశపు కొంగ గుర్తు, ఇదిగో ఆయన పేరు!"

"మంత్రిగారి పెట్టెలు నిన్ననే సర్దేశారులెండి," అని గొణిగాడు ముసలి ద్వారపాలకుడు మాత్యాష్, అందరికీ వినబడేటట్టే.

దొరసాని చషకాన్ని చేతిలోకి తీసుకుంది. దండయాత్రలకని ఆమె మామగారు కంసాలి చేత చేయించిన ఆరు చషకాలలో అదొకటి. ఒకదానిలో ఒకటి ఒదిగి ఆరూ ఒక్క సంచిలో ఇమిడేవి. యుద్ధానికి పోయే కొడుకు తనదొకటి వెంట తీసుకుపోవడం ఆ ఇంటి ఆచారం. తక్కిన అయిదూ తెప్పించి, ఆమె దీనిని దాని చోట దించబోయింది. అది సగంలో ఆగిపోయింది.

"నకిలీదా అమ్మా?" అన్నాడు మాత్యాష్.

"కాదు, నా బిడ్డదే." ఆమె వేలు చషకం లోపలి వైపును తడుముతోంది. "గుండెల దగ్గర పెట్టుకునేవాడు. పెద్ద దెబ్బే తగిలింది. ఎవరో సుత్తితో సాపు చేసి, మెరుగు పెట్టారు. గుండ్రం మాత్రం తిరిగి రాలేదు. వాడే పంపి ఉంటే, ఆ దెబ్బను నాకు దాచడమెందుకు?"

"ఊహను నమ్మి ఇంతమందిని ఆకలితో చంపుతారా?" అన్నాడు గాష్పార్. " ఆయన బ్రతికే ఉంటే, కొడుకు కుదిర్చిన సంధిని కన్నతల్లే కాలదన్నినట్టు కాదా?"

ఆ మాట ఆమెను కోసింది. "మరియమ్మ తల్లీ, నా ఊహే తప్పు కావాలి," అని వేడుకొని, బురుజెక్కింది.

"అయ్యలారా! మా బాలింటును కందకం దగ్గరకు పంపండి. ఒక్కసారి 'అమ్మా' అని పిలవమనండి. తలుపు నా చేత్తోనే తీస్తాను!"

శిబిరంలో ఎవరూ కదలలేదు. ఎండ నెత్తికెక్కింది, వాలింది; ఆమె నిలబడే ఉంది. చివరకు జవాబుగా ఫిరంగి పేలి, ఆమె పక్కనున్న గోడ కూలింది.

వెనకే వచ్చిన మాత్యాష్ ఆమెను పక్కకు లాగబోయాడు. దొరసాని అతన్ని వారించి, "మావాడు లొంగలేదయ్యా," అంది ఏడుస్తూ. "పో, తలుపులకు ఇంకో అడ్డగడియ వేయించు."