శూన్యపాత్ర

కడుగుయంత్రం నోట్లోంచి శూన్యపాత్ర బయటికొచ్చింది. ప్రసూన దాన్ని రెండు చేతులా అందుకుని, ఇంత తేలిగ్గా ఉందేమిటా అనుకుంది. కొత్త యంత్రం కదా, ఏళ్ల తరబడి పేరుకున్న మురికి వదిలించి ఉంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

రాగిపాత్రను, మనుషుల ఒంట్లోని కిరణాలు లెక్కపెట్టే కణసాక్షి యంత్రం గుండెల్లో పెట్టి సీసపు తలుపు మూసింది. తెర మీద రోజూ వచ్చే ప్రశ్నే వచ్చింది: పాత్ర ఖాళీయేనా? మూత తెరవకూడదన్నది నియమం. తెరవకుండానే ఖాళీ అని చెప్పాలన్నదీ నియమమే. ప్రసూన భౌతికశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న మనిషి కాబట్టి ఇలాంటి వాటికి ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేసింది. ‘అవును’ నొక్కింది. నేల కింది అడుగూరికి ఆ రోజు కొలతలకు సున్నా కుదిరింది.

ద్వారం అవతల, నేల మీది పైచేలల్లో రాత్రి పని ముగించుకున్న బృందం బారులు తీరింది. పొద్దెక్కితే పైన నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే మాడిపోతాడు. అందుకే తోపులాట.

మొదటి మనిషికి ఎరుపు దీపం వెలిగింది. ఒంట్లో కిరణాలు చిమ్మే ధూళి చేరిందని అర్థం. ఇక లోపలికి రానివ్వరు. రెండోవాడికీ ఎరుపే. మూడోవాడికీ అంతే. నాలుగోవాడు ప్రసూన భర్త భార్గవ.

“ఏమోయ్, నిన్న నువ్వు పెట్టిన వంకాయ కూర మహిమా ఇది?” అద్దం అవతలి నుంచి నవ్వాడు.

అతనికీ ఎరుపు వెలిగింది. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియనట్టు.

ద్వారపాలకుడు కోటిలింగం పరుగెత్తుకొచ్చాడు. వాకిలి పట్టనంత మనిషి. “అమ్మగారూ, అనుమానమొచ్చి నేనూ నిలబడి చూసుకున్నానండి. నాక్కూడా ఎరుపేనండి! పుట్టి బుద్ధెరిగాక నేను పైకెక్కిందే లేదు. నాకు ధూళెక్కడిదండీ?”

ప్రసూనకు అర్థమైంది. తప్పు మనుషుల్లో లేదు. సున్నాలో ఉంది.

నియమాన్ని పక్కనపెట్టి పాత్ర మూత తిప్పింది. లోపల తళతళలాడుతోంది. ఏమీ లేదు. ఉండకూడదు కూడా. మరి నిన్నటిదాకా ఆ బరువేమిటి? నిన్నటిదాకా పాత్ర కడిగిన అచ్చియ్యమ్మకు ఫోన్ కలిపింది.

“అచ్చియ్యమ్మా, ఆ పాత్రలో రోజూ ఏమన్నా వేసేదానివా?”

“మరేటమ్మా! కడిగేసి ఖాళీగా ఎలాగిచ్చెత్తాను? ఎవుల గిన్నైనా ఖాళీగా పంపుతామేటి? బియ్యం ఏద్దారంటే రేషను. పంచదార మొకం చూసి ఎన్నాళ్లయిందో. ఉప్పొక్కటే దండిగుంది మనకాడ. రెండు దోసిళ్లు ఏసేదాన్ని. తప్పేటమ్మా?”

ప్రసూన ఫోన్ పెట్టేసింది.

పదమూడు ఊళ్లకూ సరఫరా అయ్యేది గనిలో తవ్విన పొటాషియం ఉప్పు. బతికున్న ప్రతి ఒంట్లోనూ ఆ పొటాషియమే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ సన్నగా కిరణాలు చిమ్ముతూనే ఉంటుంది. ఆ పాటి వెలుగును కేంద్ర గణకం లెక్కలోంచి తీసేస్తుందని ప్రసూన నమ్మింది. గణకం తయారుచేసినవాళ్లు శూన్యపాత్ర తీసేస్తుందని నమ్మారు కాబోలు. నిజానికి పాత్రలో ఎంత వెలుగుంటే అంతనే యంత్రం సున్నాగా పట్టుకుని, మనుషుల లెక్కలోంచి తీసేస్తుంది. ఇన్నాళ్లూ తీసేసింది అచ్చియ్యమ్మ.

ఆ వెంటనే ప్రసూనకు మరో సంగతి తట్టింది.

ఎరుపులు తక్కువని ఏటేటా మెడల్ అడుగూరికే వస్తుంది. మిగిలిన పన్నెండు ఊళ్లలో వెలివేసినవాళ్ల పేర్లు సాయంత్రం స్పీకర్లో చదువుతుంటే తను పప్పు పోపు పెట్టుకునేది. కండపుష్టి ఉన్నవాళ్లే ఎక్కువగా పోయేవారు. ధూళికి దిట్టమైన ఒళ్లంటే ఇష్టమని బడిలో పాఠం కూడా ఉంది. కండ ఎక్కువైతే పొటాషియమూ ఎక్కువే. ఆ ఊళ్ల పాత్రలు నిజంగానే ఖాళీ. వాళ్లలో ధూళి లేదు. ప్రాణం కాస్త ఎక్కువగా ఉంది, అంతే.

“అమ్మగారూ, పొద్దు పొడిచేస్తోందండి!” కోటిలింగం కేక పెట్టాడు.

ప్రసూన క్యాంటీన్‌లోకి ఉరికి ఉప్పు డబ్బా తెచ్చింది. రెండు దోసిళ్లు పోసి, మూత బిగించి, పాత్రను మళ్లీ లోపల పెట్టింది. పాత్ర ఖాళీయేనా? ‘అవును.’ ఇన్నేళ్లూ తెలియక చెప్పిన అబద్ధం, ఈసారి తెలిసి చెప్పింది.

ఒకటొకటిగా పచ్చదీపాలు వెలిగాయి. భార్గవ లోపలికొచ్చి గోడకు జారబడ్డాడు. “ఏమైంది ప్రసూనా?”

“చెప్తాను. ముందు నన్నో పని చెయ్యనీ.”

ఊళ్లన్నీ కలిసే మైకు ముందు కూర్చుంది. పొద్దున్నే ఎరుపుల సంఖ్య చెప్పడానికి తప్ప దాన్ని వాడరు. సున్నాను తాకినవాళ్లకు శిక్ష ఏమిటో ఆమెకు తెలుసు. మీట నొక్కింది.

“అడుగూరు మాట్లాడుతోంది. పన్నెండు ఊళ్లవాళ్లూ వినండి. ద్వారాలు మూయకండి. శూన్యపాత్ర తెరిచి రెండు దోసిళ్ల రేషన్ ఉప్పు పోసి, సున్నా మళ్లీ పెట్టండి. ఎరుపొచ్చిన వాళ్లలో తప్పేమీ లేదు.”

కేంద్రం గొంతు అడ్డుపడింది. “అడుగూరు, మీ పాత్ర ఖాళీయేనా?”

“కాదు,” అంది ప్రసూన.

మైకు గరగరమంది. తరవాత ఏదో ఊరి నుంచి ఒక మగగొంతు, ఆమెలాగే రోజూ సున్నా పెట్టే మనిషిది, మెల్లగా వినబడింది.

“అడుగూరూ... మా పెద్దాడు బలంగా ఉండేవాడండి. నిరుడు నేనే ద్వారం...”

ఆగిపోయింది. డబ్బా మూత తీసిన చప్పుడు.

“ఎన్ని దోసిళ్లన్నారు?”