వెన్నులోని తేటనీరు

టైలరింగ్ షాపు వెనకగది. కుట్టుమిషను మీద తల వాల్చి చనిపోయి ఉన్నాడు చిన్న టైలరు.

పక్కన సగం తాగిన టీ గ్లాసు. ఆ టీ తెచ్చిచ్చింది కటింగ్ మాస్టరు. అతని సొంత అన్న.

"మా బావగారే విషం పెట్టారు," అని చనిపోయినతని భార్య కేసు పెట్టింది. ఆస్తి కోసం అన్నదమ్ములు కొట్టుకు చావడం లోకానికి కొత్త కాదు. వీధంతా నమ్మేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం నమ్మలేదు. కూరలో ఉప్పుందన్నా సాక్ష్యం అడుగుతుందని స్టేషన్లో ఆవిడ మీద జోకు.

పోస్ట్‌మార్టం, ల్యాబ్ రిపోర్టులు వచ్చిన ఉదయం ముగ్గుర్ని అదే గదిలో కూర్చోబెట్టింది. అన్న, భార్య, వారం క్రితం చనిపోయినతని తలనొప్పికి వైద్యం చేసిన డాక్టరు.

"టీలో విషం లేదు. డాక్టర్‌గారూ, మీరేం టెస్టు చేశారు?"

"వెన్నులోంచి నీరు తీశాం. తేటగా ఉంది. తెల్లకణాలు లేవు. మెదడుకి ఇన్ఫెక్షన్ ఉంటే కణాలు కనబడాలి కదా! పార్శ్వనొప్పి అనుకున్నాను. నీరు తీశాక నొప్పి కూడా తగ్గింది. ఇంటికి పంపేశాను."

"సూది గుచ్చగానే నీరెలా వచ్చింది?"

డాక్టరు తడబడ్డాడు. "చిమ్మింది. తలలో ఒత్తిడి పెరిగితేనే అలా చిమ్ముతుంది. కానీ ప్రెషర్ కొలవలేదు."

సరిగ్గా తొమ్మిదింటికి ఎవిడెన్స్ కవర్లో ఉన్న చనిపోయినతని ఫోను మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఏంటమ్మా ఈ అలారం?"

"ఆయన బలం మాత్రల టైమండీ," అంది భార్య. "బావగారే రోజూ మంచినీళ్ళిచ్చి మింగించేవారు."

"అవి బలం మాత్రలు కావమ్మా. నీ భర్త ఒంట్లో మూడు కిడ్నీలున్నాయి. రెండు ఎండిపోయాయి. మూడోది ఇంకొకరిది. దాని మీద ఒళ్ళు తిరగబడకుండా వేసుకునే మందులవి."

డాక్టరు మొహం పాలిపోయింది. "అంటే... రోగనిరోధక శక్తి..."

"తక్కువ. పోట్లాడే కణాలే లేనప్పుడు నీరు తేటగానే ఉంటుంది. మీ ల్యాబ్ ఫ్రిజ్‌లో మిగిలిన నీటిలో నిన్న సిరాచుక్క వేయించాను. నల్లటి సిరాలో తెల్లటి వలయాలు కనబడ్డాయి. ఫంగస్. మెదడు దాకా పాకింది. చంపింది అదే."

"వేరే జబ్బులున్నాయా అని అడిగాను మేడమ్! పేషంటు మూలుగుతున్నాడు. దుక్కలా ఉంటాడు, ఏ జబ్బూ లేదని వాళ్ళన్నయ్యే చెప్పాడు."

అన్న తల ఎత్తలేదు.

"ఆ కిడ్నీ నాదే," అన్నాడు. "తెలిస్తే పిల్లనివ్వరని పెళ్ళికి ముందు దాచాం. ఆస్పత్రిలో ఆ రోజు మరదలు పక్కనే ఉంది. వాడు నా చెయ్యి నొక్కాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను. అరెస్టు చెయ్యండి మేడమ్."

"దీనికి సెక్షన్ లేదయ్యా," అంది ఇన్‌స్పెక్టరమ్మ మెల్లగా.

భార్య వెక్కిళ్ళు ఆపుకోలేకపోయింది. "పొత్తికడుపు మీద మచ్చ అపెండిక్స్‌దంటే నమ్మాను. నిజం చెప్తే వదిలేసి పోయేదాన్నా బావగారూ? ప్రాణం పోసిన మిమ్మల్ని పట్టుకుని విషం పెట్టారన్నాను. నా నోరు పడిపోను!"

ఫోన్లో అలారం మళ్ళీ మోగింది.

అన్న అలవాటుగా లేచాడు. కుండలో గ్లాసు ముంచి, నిండా నీళ్ళతో కుట్టుమిషను దాకా నడిచాడు. ఖాళీ స్టూలు ముందు ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.